బత్తాయి చేను కింది సున్నం

నా చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెట్టిందీ, తల దువ్విందీ, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిందీ అన్నీ మా నాయనమ్మే. అమ్మ లేక కాదు. అమ్మ ఉంది. అదే ఇంట్లో, అదే వసారాలో, నా ఎదురుగానే కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తూ ఉండేది. జడ వెయ్యమని దువ్వెన పట్టుకెళ్తే "నాయనమ్మ దగ్గరికి పోమ్మా" అనేది. వండి పెట్టేది, నీళ్ళు కాచేది, నా బట్టలు ఉతికేది. నా ఒంటి మీద మాత్రం చెయ్యి వేసేది కాదు. ఈ సంగతి చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. కన్నతల్లి అలా ఉంటుందా అంటారు. ఉంటుంది మరి, అలా ఉండేట్టు చేస్తే.

మాది గురజాల దగ్గర ఊరు. మా వైపు విత్తనాలు వేసే రోజున మొదటి గింజలు 'చెయ్యి మంచిది' అని పేరున్న ఆడమనిషి చేత వేయిస్తారు. అమ్మ కాపురానికి వచ్చిన ఏడాది నాయనమ్మ సరదాకి ఆమె చేత మిరప విత్తనం వేయించిందట. ఆ ఏడు పంట విరగకాసింది. ఇక మా నాయనమ్మను పట్టేవాళ్ళు లేరు. మా కోడలి చెయ్యి అంత, ఇంత అని ఊరంతా చాటింపు వేసుకొచ్చింది. పక్కూళ్ళ వాళ్ళు కూడా బండి కట్టి అమ్మను విత్తనాలకు తీసుకెళ్ళేవారు. ఆ ధైర్యంతోనే నాన్న పడమటి చేలో బత్తాయి తోట వేశాడు. మొదటి మొక్క అమ్మే నాటింది. చెట్లు ఏపుగా పెరిగాయి, పూత కూడా చూశాం. ఆ తర్వాత ఏమైందో, ఆకులు పసుపుపచ్చగా మారి, కొమ్మల చివర్లు ఎండుకుంటూ వచ్చి, ఒక్కొక్కటే పోవడం మొదలుపెట్టాయి. నాన్న తెచ్చిన మందులేవీ పనిచెయ్యలేదు.

ఆ వేసవిలోనే నా తమ్ముడు పోయాడు. ఇంకా పాకుతున్న పిల్లాడు. వాంతులు, విరేచనాలు పట్టుకుని, నరసరావుపేట తీసుకెళ్ళేలోపే అమ్మ ఒళ్ళో ప్రాణం పోయింది. ఆ రోజు వాకిట్లో నాయనమ్మ గుండెలు బాదుకుంటూ ఒక మాట అంది. "నీ చేతిలో ఏదీ బతకదే" అంది. ఏడుపులో అన్న మాటే. మనవడంటే ఆమెకు పంచప్రాణాలు. కానీ అంది కదా. పదిమందిలో అంది. ఆ మాటను ఊరు పట్టుకుంది. ఊరి కంటే గట్టిగా మా అమ్మ పట్టుకుంది.

ఆ తర్వాత అమ్మను ఎవరూ విత్తనాలకు పిలవలేదు. ఆమె కూడా పెరట్లో పాదు వెయ్యడం మానేసింది, దూడకు గడ్డి వెయ్యడం మానేసింది, నన్ను ముట్టుకోవడం మానేసింది. అది నా మీద కోపమనుకునేదాన్ని. భయమని, తన చెయ్యి తగిలితే నేను కూడా ఎక్కడ పోతానోనన్న భయమని, నాకెలా తెలుస్తుంది?

నేను మూడో తరగతిలో ఉండగా, ఎండాకాలం సెలవుల్లో, ఊళ్ళోకి మట్టి సర్వే వాళ్ళ జీపు వచ్చింది. సాగర్ కాలవ నీళ్ళు మా పొలాలకు వదిలే ముందు ఏ నేల ఎలాంటిదో, దానికి ఏ పంట పనికొస్తుందో చూడాలట. వచ్చిన ఆఫీసరు నడివయసు మనిషి, బక్కగా, నెత్తిన గుడ్డ టోపీతో ఉండేవాడు. మ్యాపు చూసుకుని, మనుషులను పెట్టి, సరిగ్గా మా పడమటి చేలోనే నిలువెత్తు గుంత తవ్వించాడు. దిగడానికి ఒక పక్కన మట్టితోనే మెట్లు చెక్కించాడు. మాకు అంతకంటే వేడుక ఏముంటుంది? పిల్లలమంతా గుంత చుట్టూ చేరాం. ఆయన ఒక్కో పొర నుంచి పెళ్ళ తీసి, నీళ్ళతో తడిపి, రంగుల పుస్తకంలో పెట్టి సరిచూసేవాడు. తడి మట్టిని వేళ్ళ మధ్య రిబ్బనులా సాగదీసేవాడు. అదంతా తన మనిషికి ఇంగ్లీషులో చెప్పి రాయించేవాడు.

నాయనమ్మ ఊరుకుంటుందా? కొంగు నెత్తిన వేసుకుని వచ్చి గట్టు మీద నిలబడింది. "ఏంది బాబూ, ఈ పాడు చేలో ఏం చూస్తావు? అవతల మంచి చేను ఉంది కదా, అక్కడ తవ్వుకోరాదూ?" అంది.

మంచి నేల, చెడ్డ నేల అని తాము ముందే రాసుకోబోమనీ, లోపల ఏముందో అది ఉన్నట్టు రాస్తామనీ, పేరు ఆ తర్వాత పెడతామనీ ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఎండిన మోళ్ళు చూపించి ఇవేం చెట్లని అడిగాడు.

"బత్తాయి. నేలకేం బాబూ, బంగారం. చానా బలమైన నేల. నాటిన చెయ్యే మంచిది కాదు."

అప్పుడే అమ్మ వాళ్ళకు మంచినీళ్ళ బిందె తెచ్చి గట్టు మీద దించుతోంది. తల ఎత్తలేదు. ఆయన అమ్మ వైపు ఒకసారి, నాయనమ్మ వైపు ఒకసారి చూశాడు. తెలివైన మనిషి, అడక్కుండానే అర్థమై ఉంటుంది. "మామ్మగారూ, ఒకసారి కిందికి రండి, మీకొకటి చూపిస్తాను" అని చెయ్యి అందించి ఆమెను గుంతలోకి దింపాడు. నేనూ వెనకాలే దిగాను.

మొక్క ఎంత లోతున నాటారో చూపించమన్నాడు. నాయనమ్మ తన మోచెయ్యి పెట్టి చూపించింది. జేబులోంచి చిన్న సీసా తీసి, అందులో ఉన్నది ఆసిడ్ అనీ, వేళ్ళకు అంటకుండా ఒక్క చుక్క అక్కడ వెయ్యమనీ ఆమెకే ఇచ్చాడు. వేసింది. నల్లమట్టి కాస్త చిటపటలాడి ఊరుకుంది. ఇంకా కింద, నడుము లోతులో, తెల్లగా గట్టిపడిన పొర ఒకటి గోడ పొడుగునా ఉంది. అక్కడ వెయ్యమన్నాడు. వేసీ వెయ్యగానే సోడా కొట్టినట్టు తెల్లటి నురగ బుసబుసా పొంగింది. నాయనమ్మ ఉలిక్కిపడి వెనక్కి తగ్గింది.

"అదంతా సున్నం, మామ్మగారూ. ఆసిడ్ తగిలితే అలా పొంగేది అదే" అన్నాడాయన. మా నేల అడుగున ఉన్నది నాపరాయి, అదీ సున్నపురాయే కాబట్టి మట్టిలో సున్నం పుట్టుకతోనే ఉంటుందట. వాన పడినప్పుడల్లా అది కరిగి నీళ్ళతోపాటు కిందికి దిగుతుంది. వానలు బాగా పడే చోటైతే ఇంకా ఇంకా దిగి కొట్టుకుపోయేది. మా పల్నాడులో పడే వానెంత, కాసే ఎండెంత? ఏళ్ళ తరబడి వాన లెక్కలు, ఎండ లెక్కలు తమ దగ్గర ఉన్నాయన్నాడు. నీళ్ళు ఆ నడుము లోతు దాకా వచ్చేసరికే అయిపోతాయి. సున్నం అక్కడే ఆగి, పేరుకుని, రాయిలా బిగుసుకుంటుంది. గోడలో మిగిలిన ఎండు వేళ్ళను చాకుతో గీకి చూపించాడు. నిటారుగా దిగిన వేరు ఆ తెల్ల పొర దగ్గరికి రాగానే పక్కకు వంగి, కొంతదూరం పాకి, అక్కడే చచ్చింది. ఏ మోడు కింద చూసినా అంతే.

ఆయన మోచేతి లోతున వేలు పెట్టి, "మీ కోడలి చెయ్యి ఇక్కడిదాకా వచ్చింది. ఈ మట్టికి ఏ లోటూ లేదు, చెట్లు ఇందులో ఉన్నంతకాలం బాగానే పెరిగాయి. అవి చచ్చింది కింద. అక్కడికి ఆమె చెయ్యి రాలేదు. మీ మామగారి నాగలి కూడా వెళ్ళలేదు. మనమెవరం పుట్టకముందు నుంచీ అదక్కడే ఉంది" అన్నాడు.

నాయనమ్మ ఆ తెల్ల పొరను చేత్తో తడిమింది. గోటితో గీరింది. తర్వాత తల పైకెత్తి, "ఏమే, విన్నావా? సారు చెప్పేది విన్నావా? నీ చేతిలో ఏం లేదంట" అంది.

గట్టు మీద అమ్మ కొంగు సర్దుకుంది. పరాయి మగాడితో మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజు మాట్లాడింది.

"చెట్ల సంగతి సరే సారూ. నా కొడుకు కింద ఏ సున్నముంది?"

అబ్బా, ఆ మాట! ఆయన టోపీ తీసేసి చేతిలో పట్టుకున్నాడు. ఏదో ఒకటి చెప్పి ఓదార్చవచ్చు, దేవుడనో రాతనో అనవచ్చు. అనలేదు.

"అది నాకు తెలీదమ్మా. తెలియనిది తెలుసని చెప్పను. కానీ మీరూ తెలుసనుకోవద్దు" అన్నాడు.

అమ్మ బిందెలో నీళ్ళు వాళ్ళ కుండలోకి ఒంపింది. ఖాళీ బిందె తీసుకుని ఇంటిదారి పట్టింది. నాయనమ్మ గుంతలోనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ తొలకరికి నాయనమ్మ ఊరందరి ముందూ విత్తనాల చాట తెచ్చి అమ్మ దోసిట్లో గింజలు పోసింది. అమ్మ వాటిని ఒక్కటీ కింద పడకుండా తిరిగి చాటలో పోసేసి "వద్దత్తా" అని దణ్ణం పెట్టింది. నాయనమ్మ బతికినన్నాళ్ళూ ఏటా పోస్తూనే ఉంది, అమ్మ ఏటా తిరిగి పోస్తూనే ఉంది. నాయనమ్మ మీద నాకు కోపం లేదని చెబితే అబద్ధం. ఒక్కోసారి జాలేస్తుంది, ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది. అన్నప్పుడు ఒక్క క్షణమే పట్టిన మాట, వెనక్కి తీసుకోవడానికి ఆమెకు ఒక జీవితం చాలలేదు.

ఇప్పుడు నేనూ అత్తనయ్యాను. మొన్న మా కోడలు పెట్టిన ఆవకాయ బూజు పట్టింది. "నీ చేత్తో..." అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎక్కడి నుంచి వస్తాయో ఈ మాటలు, వద్దన్నా వస్తాయి. మింగేసి, జాడీ ఒంపి చూశాను. అడుగున తడి ఉంది. ఏది పాడైనా, ఎవరు పోయినా, మనిషి మీదికి వెళ్ళే ముందు అడుగున ఏముందో చూడటం, కనబడకపోతే తెలీదని ఊరుకోవడం ఆ గుంతలో నేర్చుకున్నదే.

అమ్మ నరసరావుపేట ఆసుపత్రిలో పోయింది. చివరి రోజున నేనే ఆమె చెయ్యి తీసుకుని నా నెత్తిన పెట్టుకున్నాను. లాగేసుకుంది. మళ్ళీ పెట్టుకున్నాను. ఈసారి ఉంచింది. ఉంచాలని ఉంచిందో, తీసే ఓపిక లేక ఉంచిందో ఎవరు చెప్పగలరు? తెలియనిది తెలుసనుకోకూడదని నేర్చుకున్నదాన్ని. ఆ ఒక్కదాని దగ్గర మాత్రం, ఉంచాలనే ఉంచిందని అనుకోకుండా ఉండటం నా వల్ల కావడం లేదు.