రాయని సగం అడ్రసు

2004లో నిజామాబాద్ బస్టాండు దగ్గర నాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, వాటిలో నాలుగు పనిచేసేవి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో ఇంటివాళ్లను మాట్లాడించడమే మా ముఖ్యమైన పని. చాటింగ్ గురించి నాకు తెలియనిది లేదని అప్పట్లో నా గట్టి నమ్మకం.

ఒక గురువారం పొద్దున జక్రాన్‌పల్లి నుంచి మరియమ్మ వచ్చింది. బీడీలు చేసే మనిషి. ఆమె తమ్ముడు దాసు దుబాయిలో కూలీల క్యాంపులో ఉంటాడు. అక్కడ కూలీల బస్సు ఒకటి బోల్తా పడిందని ఊళ్లో మాట పుట్టింది. ఇరవై రోజులుగా దాసు నుంచి ఫోన్ లేదు. అదే క్యాంపు నుంచి అంతకుముందే సెలవు మీద వచ్చిన కమ్మర్‌పల్లి రాజన్న, దాసు చాటింగ్ పేరు, అతను వాడే మెసెంజర్ పేరు చీటీ మీద రాసిచ్చాడట.

"అన్నా, మా తమ్ముడు బతికున్నడో లేడో జర సూడు. అవ్వ అన్నం ముడుతలేదు," అంది. అవ్వ అంటే వాళ్లమ్మ.

చీటీలో ఉన్న యూజర్‌నేమ్, అంటే చాటింగ్‌లో పెట్టుకునే పేరు, దాసు77. మెసెంజర్ తెరిచి వెతికాను. అదే పేరు. జాబితాలో చేర్చుకోమని అడగ్గానే ఒప్పుకున్నారు, పక్కన పచ్చ దీపం వెలిగింది. అంటే మనిషి ఆన్‌లైన్‌లో ఉన్నట్టు.

"దొరికిండక్కా! బతికే ఉన్నడు!" అన్నాను.

మరియమ్మ చేతులు జోడించి "ప్రభువా, స్తోత్రం" అంటూ ఏడ్చేసింది. నేను "మీ అక్క వచ్చింది" అని కొట్టాను. జవాబు వచ్చింది. అతను పుణెలో చదువుకునే కుర్రాడట. జక్రాన్‌పల్లి ఎక్కడుందో తెలియదు, అక్కే లేదు.

"మరి మావోడేడన్నా?" అంది మరియమ్మ. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు పనిచేసింది నా బుర్ర! ఆ మెసెంజర్ ఒకే కంపెనీ చేతిలో ఉండేది కాదు. ఎవరైనా సొంత సర్వర్, అంటే ఖాతాలు ఉంచే కంప్యూటర్, పెట్టుకోవచ్చు. ఒక్కో సర్వర్‌లో ఒక్కో దాసు77 ఉండొచ్చు. అందరి పేర్లూ దొరికే పుస్తకం ఎక్కడా లేదు. యూజర్‌నేమ్, @ గుర్తు, దాని తర్వాత సర్వర్ పేరు, ఇవన్నీ ఉంటేనే అడ్రసు పూర్తవుతుంది. నేను వెతికింది నా సర్వర్ ఒక్కదాంట్లోనే.

రాజన్న ఇంటికి ఫోన్ చేసి, @ తర్వాత ఏముందని అడిగాను.

"గదేనా? క్యాంపు కాడ నెట్ దుకాణం నడిపే కేరళాయన సొంతంగ పెట్టిన సర్వర్ పేరు. క్యాంపుల అందరికి అదే తోక ఉంటది గదా, అందుకే రాయలే," అన్నాడు తాపీగా.

మనం పెండ్లి పత్రికల మీద ఫోన్ నంబరుకు ఎస్టీడీ కోడ్ వేస్తామా? అందరిదీ ఒకటే కదా అని వదిలేస్తాం. ఇక ఆయన మీద ఏమని కోపపడను?

ఆ తోక రాసుకుని, మరియమ్మ పేరుతో ఖాతా తెరిచి, రిక్వెస్ట్ పంపాను. అంటే నన్ను నీ జాబితాలో చేర్చుకో అని అడగడం. అవతలివాళ్లు ఒప్పుకునేదాకా వాళ్లు ఆన్‌లైన్‌లో ఉన్నదీ లేనిదీ మనకు కనిపించదు. ఆ రోజంతా ఏమీ రాలేదు.

"రేపు శుక్రవారం, అక్కడ సెలవు. మళ్లోసారి రా అక్కా," అన్నాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనడానికి ధైర్యం చాలలేదు.

శుక్రవారం పదకొండింటికి, ఇద్దరం తెర ముందు కూర్చుని ఉండగా, మాటలు వచ్చాయి. "ఎవరు? మా అక్కకు కంప్యూటర్ రాదు. అక్కవే అయితే, మన బాపు కొట్టడానికి కట్టె పట్టుకున్న నాడు నన్ను ఎక్కడ దాచినవో చెప్పు."

మరియమ్మ కుర్చీలోంచి లేచింది. "తునికాకు కట్టల ఎనుక అని కొట్టన్నా! సచ్చినోడా, మా పానం తీసినవ్ గదరా అని గూడ కొట్టు!"

రెండూ కొట్టాను. పచ్చ దీపం వెలిగింది. పడిన బస్సు వేరే షిఫ్టువాళ్లదట. దాసును ఎడారిలో పనికి పంపారు, అక్కడ ఫోన్ లేదు. క్యాంపుకు తిరిగొచ్చి, ఇంటికి మాట్లాడాలని ఆ దుకాణానికి ఫోన్ కార్డు కోసం వెళ్లి, పనిలో పనిగా చాటింగ్ తెరిస్తే మా రిక్వెస్ట్ కనిపించిందట. మరియమ్మ ఏడుస్తూ, నవ్వుతూ, తిడుతూ ఉంటే నేను కొడుతూనే ఉన్నాను. నాకూ కళ్లు మసకబారి అక్షరాలు తప్పులు పడ్డాయి. అయినా హాయిగా ఉంది.

ఆ పుణె కుర్రాడు జవాబివ్వకుండా లేచి వెళ్లిపోయి ఉంటే? మరియమ్మ నా మాట పట్టుకుని ఇంటికి వెళ్లేది. ఎవరో తెలియని పిల్లవాడి దీపాన్ని నమ్మి అవ్వ ఆ పూట కడుపునిండా తినేది. సెంటర్ మూసేసిన రోజుదాకా, అవతలి మనిషి తానెవరో స్వయంగా చెప్పకముందు "దొరికిండు" అని నేను ఎవరికీ చెప్పలేదు.