వంటింట్లో దొరికిన డైకు

అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు దాని పక్కన కళ్ళజోడు కూడా చేరింది, అంతే తేడా. బస్తరు ఇనుపకొండల కింద, గని టౌన్‌షిప్పులో కొత్తగా జియాలజిస్టుగా చేరిన రోజులవి. ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. నన్ను ఖాయం చేస్తారో ఇంటికి పంపుతారో అంతా మా పెద్దసారు చేతిలో ఉంది. ఆయనకి గనిలో అందరూ పెట్టుకున్న పేరు ఉరుముసారు. ఉరమడమే తప్ప కురవడం ఎవరూ చూడలేదు.

కొండలో ఎంత లోతున ఏముందో తెలుసుకోవడానికి డ్రిల్లు వేస్తే, రాయి గుండ్రటి కడ్డీల్లా పైకొస్తుంది. వాటిని వచ్చిన వరసలోనే చెక్కపెట్టెల్లో పేర్చి దాచాలి. ఓసారి ఎర్రటి ఇనుపరాయి మధ్యలో నల్లటి, నున్నటి, సుత్తి తగిలితే ఖంగుమనే రాయి వచ్చింది. డోలరైటు! చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట భూమి అడుగున కరిగిన రాయి, అంటే మాగ్మా, కొండ పగులులోకి దూరి, పైకి చేరకముందే చల్లారి గడ్డకట్టి, నిలువు గోడలా నిలిచిపోయిందన్నమాట. దాన్ని డైకు అంటారు. (అదే పొరల మధ్య అడ్డంగా పరుచుకుంటే సిల్లు. పై పొరల్ని పూరీలా ఉబ్బిస్తే లాకోలిత్తు. ఆ రోజుల్లో ఎవరైనా మంచినీళ్ళిచ్చినా సరే వాళ్ళకి ఇదంతా చెప్పేవాణ్ణి.) కొత్తగా తవ్వబోయే బెంచి, అంటే కొండకి మెట్టులా తవ్వే వరస, సరిగ్గా ఆ గోడ మీదికే వెళుతోంది. అటు తవ్వితే చేతికొచ్చేది ఇనుము కాదు, ఉత్త నల్లరాయి. ఆ మాటే రిపోర్టు రాసిచ్చాను.

ఉరుముసారు చదివి, తన సర్వీసంతా ఈ కొండ మీదే గడిచిందనీ, నల్లరాయి ఎన్నడూ చూడలేదనీ, హెడ్డాఫీసువాళ్ళు వచ్చేలోగా అది చూపించకపోతే కుర్రాడికి కలలొస్తున్నాయని రాసి పంపేస్తాననీ అన్నారు. షెడ్డుకి పరిగెత్తాను. పెట్టెలో ఎర్రరాయి అంతా ఉంది. నల్లరాయి ఉండాల్సిన చోట ఖాళీ. ఒళ్ళు మండిపోయింది. కాపలావాణ్ణి హిందీలో, డ్రిల్లువాళ్ళని తెలుగులో, మధ్యలో అడ్డొచ్చిన మేకని ఏ భాషలోనో తిట్టాను. చివరికి జీపు డ్రైవరు, మన సరిహద్దు పక్క మరైగూడవాడు, తాపీగా ఒప్పుకున్నాడు.

"అమ్మగారి పొత్రం అరిగిపోయిందంట సారూ. నేనే తీస్కపోయి ఇచ్చిన. ఏంది, గుట్ట నిండ రాళ్ళేనాయె."

అమ్మగారంటే ఉరుముసారు భార్య. నేను పళ్ళు కొరుక్కుంటూ వాళ్ళింటికి వెళ్ళేసరికి, నా డైకు సన్నెకల్లు మీద గోంగూర నూరుతోంది. రాయి ఇచ్చెయ్యమన్నాను. ఆవిడ చెయ్యి ఆపలేదు.

"నీదేమిటి బాబూ? కొండ మీ నాన్నగారు కట్టించారా? కాపురానికొచ్చాక ఇంత బాగా నూరే రాయి ఇదే చూశాను. ఎవరికి చూపించాలో వాళ్ళని ఇక్కడికే తీసుకురా. అన్నం పెట్టి మరీ చూపిస్తాను."

ఉరుముసారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. పొత్రం వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకున్నారు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ రాయేమిటో ఆయనకి ముందే తెలుసని. బెంచి ప్లాను మీద సంతకం ఆయనది మరి, డైకు ఉందంటే ఆ ప్లాను తప్పని ఒప్పుకోవాలి. అంటే ఆ పెద్దమనిషి రోజూ ఆ రాయి నూరిన పచ్చడి తింటూ, ఆ రాయే లేదని నా ఉద్యోగం తీసెయ్యబోయాడు.

హెడ్డాఫీసువాళ్ళు నిజంగానే భోజనానికి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన పొత్రాన్ని కడిగించి, భూతద్దంతో చూసి, డోలరైటేనన్నారు. బెంచి పక్కకి మళ్ళింది, నా ఉద్యోగం ఖాయమైంది. కథ అక్కడ ఆగితే ఎంత బాగుండేది. ఆ పూట విస్తళ్ళ ముందు కూర్చున్నాక ఉరుముసారు గొంతు సవరించుకుని, "ఇక్కడ డైకు ఉంటుందని నాకు మొదటినుంచీ అనుమానమేనండీ," అన్నారు. అందరూ తలలూపారు. నాకు కడుపు రగిలిపోయింది. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే అమ్మగారు నా విస్తట్లో ఇంకాస్త గోంగూర పచ్చడి, దాని మీద నెయ్యి వేశారు. కలుపుకుని తిన్నాను.

ఇన్నేళ్ళయినా ఆ కోపం నాకు తగ్గలేదు. ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే, చేతిలో ముద్ద కింద పెట్టించి, ముందు అనాల్సింది అనరా వెధవా అంటాను. అన్నాక మాత్రం, విస్తట్లో మెతుకు వదలకుండా తిని లెమ్మంటాను.