అందరికీ ఎదురయ్యే ముసలావిడ

ఆ వీధిలో తాళాలు బాగుచేసే ఆయన్ని చిన్నా పెద్దా అందరూ తాళాల బావ అనేవారు. అంత అనుమానం మనిషి భూమ్మీద ఇంకొకడు లేడని ఎవరైనా అంటే, ఆ మాట ఎందుకన్నారా అని ఆయన వారం రోజులు ఆలోచించేవాడు. పుట్టగానే ఏడవడం మానేసి ముందు మంత్రసాని చేతులవంక చూశాడని వాళ్లమ్మ చెప్పేది. ఆయన దాన్నీ నమ్మేవాడు కాదు. "అప్పుడు నీకు స్పృహే లేదుగా, ఎలా చూశావు?" అనేవాడు. కొట్టు మూసేటప్పుడు వేసే తాళం తన చేత్తో చేసిందే. అయినా లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్లీ లాగేవాడు. అలా లాగగా లాగగా ఒకసారి తలుపే ఊడి చేతికొచ్చింది. తాళం మాత్రం చెక్కుచెదరలేదని ఊరంతా డప్పు కొట్టుకున్నాడు.

ఆయన కొట్టు ఎంత ఇరుకంటే, గట్టిగా ఊపిరి పీలిస్తే గోడకి వేలాడే తాళంచెవులన్నీ గలగలమనేవి. ఆ గోడమీదే ఒక చిన్న టీవీ. ఎన్నికలొచ్చాయంటే సాయంత్రం పూట ఆ కొట్టు ముందు తిరునాళ్లే. టీవీలో అభ్యర్థులు ఎదురెదురుగా నిలబడి వాదించుకుంటుంటే, తాళాల బావ ఆకురాయితో తాళంచెవి అరగదీస్తూ, తలెత్తకుండానే జోస్యం చెప్పేవాడు.

"ఇప్పుడు నీళ్లు తాగుతాడు చూడండి."

టీవీలో కళ్లజోడు అభ్యర్థి గ్లాసు అందుకునేవాడు.

"మంచి ప్రశ్న అడిగారంటాడు. ఆ విషయానికి వస్తానంటాడు. రాడు."

కళ్లజోడాయన తు.చ. తప్పకుండా అలాగే అనేవాడు, అలాగే వచ్చేవాడు కాదు. ఎదుటి పోడియం దగ్గరి మీసాల అభ్యర్థి ఈలోగా తల అడ్డంగా ఊపుతూ, చిన్నగా నవ్వుతూ, కాగితంమీద ఏదో రాసుకునేవాడు.

"రాస్తున్నాడనుకుంటున్నారా? బాతు బొమ్మ గీస్తున్నాడు. ఆ చెయ్యి తిరిగే తీరు చూస్తే తెలియట్లా?" అనేవాడు తాళాల బావ.

ఎదురుగా టీకొట్టు నడిపే ఆయన గ్లాసులు కడగడం ఆపి మరీ నవ్వేవాడు. "నువ్వు ఇక్కడ ఉండాల్సినవాడివి కాదు బావా!"

ఇన్నింట్లోకీ తాళాల బావకి ఒళ్లు మండేది ముసలావిడ సంగతికి. వాదనలో ఇరుక్కున్న ప్రతివాడూ గొంతు తగ్గించి, "మొన్న ప్రచారానికి వెళ్తుంటే ఒక ముసలావిడ ఎదురొచ్చి, నా చేతులు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంది" అని మొదలెట్టేవాడు.

"నిన్న మీసాలాయనకీ ఈవిడే ఎదురైంది," అని ఆకురాయి పక్కన పడేసేవాడు ఆయన. "ఒక్క ముసలావిడ, ఇన్ని పార్టీలు! ఆవిడకున్నవి కాళ్లా, చక్రాలా? నన్నడిగితే ఆవిడ నెలజీతానికి ఏడుస్తోంది."

ఇదంతా సరదాగానే ఉండేది, వీధిలోకి వచ్చే బస్సు ఆగిపోకపోతే. ఎందుకాగిందో ఎవరూ చెప్పలేదు. ఒకరోజు రాలేదు, ఇక రానేలేదు. కళ్లజోడాయన ఏలుబడిలోనే ఆగింది. అందరూ తిట్టుకుంటూ పెద్దరోడ్డు దాకా నడిచారు. నడవలేనిది తాళాల బావ అత్తగారొక్కర్తే. ఆస్పత్రిలో మోకాళ్లకి కరెంటు పెట్టించుకుని వస్తేగానీ ఆవిడ మంచం దిగలేదు. ఆటోవాళ్లు ఆ గుంటల్లోకి రామని మొండికేశారు. బస్సు పోయాక ఆవిడ గోడ పట్టుకుని నడిచింది, తర్వాత కూతురి భుజం పట్టుకుని నడిచింది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే మంచానికే పరిమితమని డాక్టరు చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే టీవీవాళ్లు ప్రకటించారు, ఈసారి వాదనలో ఒక మామూలు మనిషి కూడా వచ్చి అభ్యర్థులని ఒక ప్రశ్న అడగవచ్చని. వీధి మొత్తం తాళాల బావమీద పడింది.

"వాళ్ల వేషాలన్నీ తెలిసినవాడివి నువ్వే. నీ దగ్గర వాళ్ల పప్పులుడకవు," అన్నాడు టీకొట్టాయన.

ఆయన ముందు అనుమానించాడు. "నన్నే ఎందుకు పంపిస్తున్నార్రా?" అని. తర్వాత మీసం మెలేసి ఒప్పుకున్నాడు.

ఆయన భార్య యూనిఫారాలు కుట్టే మిషన్ తొక్కుతూనే ఆయన చేత ఆ ప్రశ్న రోజూ అప్పజెప్పించుకుంది. "ఏవండీ, ఇంకోసారి చెప్పండి."

"మా వీధి బస్సు ఎందుకాపారు? మళ్లీ ఎప్పుడేస్తారు?"

"అంతే. దానికి ముందొక ముక్క వద్దు, వెనకొక ముక్క వద్దు."

"నాకు చెప్తున్నావా?" అనేవాడాయన నవ్వి.

స్టూడియోలో అడుగుపెట్టగానే ఆయనకి అన్నీ తేడాగా కనిపించాయి. చొక్కాకి చిన్న మైకు తగిలించిన అమ్మాయి ఎందుకు నవ్విందో అర్థం కాలేదు. దీపాల వేడికి తల పెనంలా కాలింది. ముందు మూతపెట్టిన నీళ్ల గ్లాసు ఉంది. అందులో ఏం కలిపారో అనుకున్నాడు. యాంకరమ్మ "మీ ప్రశ్న అడగండి" అంది. కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది.

తాళాల బావ గ్లాసు అందుకుని నీళ్లు తాగాడు.

వీధిలో, తెరిచి ఉంచిన కొట్టు ముందు, జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ముందుగా," అన్నాడు తాళాల బావ, "ఈ అవకాశం ఇచ్చిన ఛానల్ వారికీ, పెద్దలకీ నా నమస్కారాలు. ఇది చాలా ముఖ్యమైన విషయం. ఆ విషయానికి వచ్చేముందు..."

"అయ్యో, రండి!" అంది అక్కడ భార్య టీవీతో.

"మా వీధిలో ఒక ముసలావిడ ఉంది. పాపం, మోకాళ్లు..."

గంట మోగింది. సమయం అయిపోయింది. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూనే ఉన్నాడు, మైకు మూగబోయింది.

కళ్లజోడాయన మాత్రం ఆ మాటని గాల్లోనే పట్టేశాడు. కళ్లజోడు తీసి, తుడిచి, గొంతు తగ్గించాడు. "ఆ తల్లి నాకు తెలుసు. మొన్ననే వాళ్లింటికి వెళ్లాను. నా చేతులు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంది. ఆమెకి నేనున్నానని మాటిచ్చాను."

"ఎవరూ, నేనా?" అంది కొట్టు వెనకింట్లో మంచంమీంచి అత్తగారు. వినిపించుకున్నవాళ్లు లేరు. అందరూ తాళాల బావ ఇంటి తలుపువంక చూస్తున్నారు.

ఆయన తిరిగొచ్చేసరికి టీకొట్టాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం బావా, పెద్దాయన మీ ఇంటికొచ్చి వెళ్లాడట. మాకొక్క మాట చెప్పలేదే?"

"ఎవరూ రాలేదు. నాకు భయమేసింది. నోరెండిపోయింది. బస్సు మాట బయటికి రాలేదు. అంతే."

"భయమా, నీకా?" టీకొట్టాయన నవ్వలేదు. "నిజం చెప్పేవాడు కింద చూస్తూ చెబుతాడా? మాకు నేర్పింది నువ్వేగా."

"పార్టీ ఆఫీసుకి తాళాలన్నీ ఈయనే చేసిస్తున్నాడట," అంది ఎవరిదో ఆడగొంతు వెనకనుంచి. మర్నాటికల్లా ఆ తాళాలు ఇత్తడివని కూడా తేలిపోయింది. బతుకులో మొదటిసారి అందరి ముందూ తన తప్పు సూటిగా ఒప్పుకున్నాడు తాళాల బావ. ఒక్క పురుగూ నమ్మలేదు.

ఇంట్లో భార్య ముఖం తిప్పుకుంది. మిషన్ తొక్కుతూనే ఉంది. మాట్లాడింది అత్తగారు.

"అల్లుడుగారూ, ఆయన నాకు మాటిచ్చానన్నాడుగా?"

"అది అబద్ధం అత్తయ్యా."

"అబద్ధమో సబద్ధమో, ఊరంతా విన్నారు. నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లండి."

టీకొట్టాయన పాల డబ్బాలు మోసే మూడు చక్రాల బండి అడిగితే ఆయన ఇచ్చాడు. ఎక్కడికెళ్తున్నారో చూద్దామని వెనకాలే వచ్చాడు కూడా. దారిలోని గుంటలకి ఆవిడ అబ్బా అన్న ప్రతిసారీ తాళాల బావ తల ఇంకాస్త కిందికి దిగింది.

కళ్లజోడాయన తన పార్టీ ఆఫీసు ముందు కెమెరాలవాళ్లతో మాట్లాడుతున్నాడు. ఆవిడ బండి దిగి, అల్లుడి భుజం ఆసరాతో జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లింది.

"నాయనా, టీవీలో చెప్పావే, ఆ ముసలావిడ. నేనే."

ఆయన ముఖంలో ఒక్క క్షణం ఏమీ లేదు. కెమెరాలు తిరగగానే నవ్వు వచ్చేసింది. "అమ్మా!" అని రెండు చేతులూ చాచాడు. ఆవిడ పట్టుకుంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులే గానీ చేతులకేం జబ్బు లేదు.

"మా వీధి బస్సు ఎందుకాపావు? మళ్లీ ఎప్పుడేస్తావు?"

"ఆ విషయానికి వస్తానమ్మా."

"రా నాయనా. నేనిక్కడే ఉంటాను."

పక్కనున్నవాడు నీళ్ల గ్లాసు అందించాడు. అందుకోవడానికి ఆయనకి చెయ్యి ఖాళీ లేదు. విదిలిద్దామంటే కెమెరాలు. లాగుదామంటే ఆవిడ కూడా వచ్చేలా ఉంది. అదే పట్టు ఇంకాసేపు సాగితే ఆయన ఎత్తు జానెడు తగ్గేదని చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆయన గ్లాసువంక, కెమెరాలవంక చూశాడు.

"సోమవారం," అన్నాడు. "సోమవారం నుంచి వేయిస్తాను."

"ఎన్నింటికి?"

"పొద్దున్నే!"

అప్పుడు వదిలింది.

సోమవారం పొద్దున బస్సు వచ్చింది. వీధిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఊరికే వేశాడంటావా?" అన్నాడు టీకొట్టాయన పక్కవాడితో, తాళాల బావకి వినబడేలా. "మనముందు నాటకం బాగానే ఆడారు. పాలబండి కూడా నాదే వాడుకున్నారు."

తాళాల బావ అత్తగారిని బస్సు మెట్లెక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాడు. కాసేపు బిగబట్టుకున్నాడు. కాళ్లు ఊపాడు. మెడ గోక్కున్నాడు. ఇక ఆగలేకపోయాడు.

"అత్తయ్యా, ఒక్కమాట. ఏమనుకోకండి. నేను కొట్లో ఉన్నప్పుడు... నిజంగానే ఆయన ఎప్పుడూ మనింటికి రాలేదా?"

ఆవిడ ఆయనవంక నిదానంగా, పైనుంచి కిందిదాకా చూసింది.

"గట్టిగా పట్టుకోండి అల్లుడుగారూ, ముందు గుంటలున్నాయి," అని కిటికీవైపు తిరిగింది.