శిబిరంలో స్పానిష్ సినిమా

కోరుట్ల మొత్తానికి స్పానిష్ భాష వచ్చిన మనిషిని నేనొక్కణ్ణే అని ఏడాదిన్నర పాటు జనం నమ్మారు. అంతకు ముందు దుబాయిలో నాలుగేళ్లు పైపుల పని చేశాను. మా సైటు ఇంజినీరు స్పెయిన్ వాడు. ఆయన నాతో మాట్లాడింది మొత్తం కలిపి పది మాటలుంటాయేమో, వాటిలో తొమ్మిది తిట్లే అయ్యుంటాయి. కానీ ఇంటికొచ్చి చాయ్ హోటల్లో కూర్చున్నాక పది మాటలని చెబితే ఏం బాగుంటుంది? వాళ్ల అమ్మకు ఉత్తరాలు నేనే రాసిపెట్టేవాణ్ణని చెప్పాను. విన్నవాళ్లు ఇంకో చాయ్ పోయించారు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. బస్సులు డిపో దాటడం లేదు. బడులు మూతపడ్డాయి. మా చౌరస్తాలో టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టారు. రోజుకో పనివాళ్లు కూర్చోవాలి: ఒకనాడు దర్జీలు, ఒకనాడు ఆటోవాళ్లు, ఒకనాడు వడ్రంగులు. పొద్దున పదింటికి దండలు వేసి కూర్చోబెట్టి, సాయంత్రం ఐదింటికి నిమ్మరసం ఇచ్చి లేపేవాళ్లు. ఉపన్యాసాలు పదకొండుకల్లా అయిపోయేవి. ఆ తర్వాత ఆకలిని తలుచుకోవడం తప్ప వేరే పని ఉండేది కాదు. పోనీలే అని మా ఇంట్లోని టీవీ, డీవీడీ ప్లేయర్ మోసుకొచ్చి, చాయ్ హోటల్ నుంచి కరెంటు లాగాను.

డిస్కు జగిత్యాల బస్టాండు ముందు తోపుడుబండి మీద కొన్నది. అట్ట మీద తుపాకీ ఉంటే కొట్లాట సినిమా అనుకున్నాను. వేసి చూస్తే అంతా స్పానిష్. కింద అక్షరాలు కూడా పడవు. తుపాకీ సినిమా మొత్తంలో ఒక్కసారి కనిపిస్తుంది, అదీ గోడకు వేలాడుతూ.

"నీకు వచ్చు గద, చెప్పు మరి," అన్నారు. మైకు అందుకున్నాను.

సముద్రం ఒడ్డున ఒక ఇల్లు. అందులో ఒంటరిగా ఒక ఆడమనిషి. ఆమె మొగుడు ఎటో వెళ్లిపోయాడు. రోజూ తెల్లవారగానే తలుపు తీస్తే తడిబట్టలతో గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఆమె కాఫీ పోస్తుంది, ఇద్దరూ మాట్లాడుకుంటారు. అంతలో ఆమె ఉలిక్కిపడి మంచం మీద లేస్తుంది. మొగుడు ఉండడు. సగం తాగిన కప్పు మాత్రం బల్ల మీద ఉంటుంది. ఏది కలో, ఏది మెలకువో ఆమెకూ తెలియదు, చూసేవాళ్లకూ తెలియదు. నాకైతే అసలే తెలియదు. అందుకే దర్జీలు కూర్చున్ననాడు ఆ మొగుడు దర్జీ, ఆటోవాళ్లు కూర్చున్ననాడు ఆటో నడిపేవాడు. అన్ని రోజులూ వాళ్ల జిల్లాకు ప్రత్యేక రాష్ట్రం కావాలని కొట్లాడేవాడే.

ఒక మంగళవారం బీడీలు చుట్టే ఆడవాళ్ల వంతు వచ్చింది. దీక్షలో కూడా వాళ్ల ఒళ్లో చేటలున్నాయి, చేతులు తునికాకు కత్తిరిస్తూనే ఉన్నాయి. తినొద్దన్నారు గానీ పని మానమని ఎవరూ అనలేదు కదా. వాళ్లలో మా పక్కింటి వదిన ఉంది. ఆమె భర్తను నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన దుబాయి పోయి రెండేళ్లు. నాలుగు నెలలుగా ఫోన్ లేదు. అక్కడే ఇంకో పెళ్లి చేసుకున్నాడని కొందరు, చనిపోతే కంపెనీ దాచిపెట్టిందని కొందరు అనేవాళ్లు. ఆమెనూ, ఆమె బిడ్డనూ ఇక శాశ్వతంగా తీసుకుపోదామని సిరిసిల్ల నుంచి ఆమె అన్న వచ్చాడు. మరమగ్గాల కార్మికుడు. బందు కదా, మగ్గాలు ఆగిపోయాయి, బండి మీద వచ్చాడు. టెంటు వెనక చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెల్లారితే ప్రయాణం.

నేను మొదలుపెట్టాను. "మొగడు అంటున్నడు, ఆకలైతుంది, ఏం వండినవ్ అని."

ముందు వరసలోని ముసలమ్మ చేట పక్కన పెట్టింది. "ఉపాసమున్నోళ్ల ముంగట వంటల ముచ్చటేందిరా? వేరే ఏమన్న అనుమను."

"సరే పెద్దమ్మా. జై తెలంగాణ అంటున్నడు."

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. ఆమె చేతిలో కత్తెర ఆగింది.

"తమ్మీ, గా మనిషి ఉన్నట్టా, లేనట్టా?"

"సినిమా ఇంక ఉన్నది వదినా."

"గిప్పుడు ఆమె ఏమో అడిగింది, ఆయన ఏమో చెప్పిండు. గది ఉన్నదున్నట్టు చెప్పు. నాకు గూడ మీ అన్న రోజు తెల్లారంగ గిట్లనే అగుపడుతున్నడు. గామెకు ఎట్లయితే నాకు గట్లనే అని అనుకున్న. ఉన్నడంటే ఈడనే ఉంట. లేడంటే రేపు మా అన్నెంబడి పోత."

ఉన్నాడని చెప్పడం నాకెంతసేపు? కానీ ఉన్నాడంటే ఆమె ఏళ్ల తరబడి ఆ గుమ్మంలోనే నిలబడుతుంది. లేడంటే, ఒకవేళ బతికున్న మనిషికి నేను దినాలు చేసినట్టే. మైకు ఆపేశాను.

"వదినా, నాకు స్పానిష్ రాదు."

 వెనక నుంచి ఆమె అన్న లేచాడు. "మరి గిన్నొద్దుల సంది చెప్పిందేంది బావా?"

"నోటికచ్చింది చెప్పిన."

"గది నాకు ఎప్పుడో ఎరుక," అంది ముసలమ్మ. "గాని వీడు చెప్పేదే మంచిగున్నది."

వదిన మాత్రం నా ముఖం వైపే చూస్తోంది. "మరి నీకు ఏమచ్చు తమ్మీ?"

ఏం వచ్చు నాకు? "హిందీ అచ్చు. దుబాయిల పనోళ్ల క్యాంపు ఎట్లుంటదో ఎరుక," అన్నాను. నిజాలు ఇంత చిన్నగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

"గది చాలదా? ఫోన్ చెయ్యి."

"శుక్రవారం దాక ఆగాలె. గా రోజే అక్కడ సెలవు, అందరు రూములల్ల ఉంటరు."

"ఇగో, మళ్ల మొదలువెట్టిండు," అన్నాడు ఆమె అన్న.

"శుక్రవారం దాక ఉంట," అంది ఆమె. మగ్గాలు ఎలాగూ నడవడం లేదు కాబట్టి అతనూ ఆగాడు.

వదినవాళ్లు నాలుగు నెలలుగా కంపెనీ ఆఫీసుకే ఫోన్లు చేస్తున్నారు. మనిషి ఎటుపోయాడో కంపెనీకి తెలియకపోవచ్చు, క్యాంపులో అన్నం వండేవాడికి తెలుస్తుంది. శుక్రవారం పొద్దున వాళ్ల అరుగు మీద కూర్చుని నా పాత క్యాంపు వంటవాడికి ఫోన్ చేశాను. మలయాళీ. అన్నకు అన్నం పెట్టే వంటవాడి నంబరు అతనిచ్చాడు. ఆ వంటవాడు మెట్‌పల్లి మనిషి ఒకతనికి ఫోన్ ఇచ్చాడు. మెట్‌పల్లి అతను గొంతు తగ్గించి చెప్పాడు: "ఖల్లివల్లి అయిండన్నా." కంపెనీ విడిచి, కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాళ్లను అక్కడ అలా అంటారు. దూరంగా ఒక ఖర్జూరం తోటలో ఉన్నాడట. పట్టుబడతానని భయం, ఇంటికి ఏం చెప్పాలో తెలియక సిగ్గు. అతనిచ్చిన తోట నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చాను. గంట తర్వాత ఫోన్ మోగింది. ఎత్తకుండానే వదిన చేతిలో పెట్టాను.

ఆమె మీట నొక్కి చెవికి పెట్టుకుంది. "నేనే," అంది.

అవతలి గొంతు మా దాకా వినపడింది. "ఎవలి ఫోన్‌ల కెళ్లి చేస్తున్నవ్? పక్కింటి గప్పాలు కొట్టేటోని ఫోనా? వాడు నా గురించి ఏం చెప్పినా నమ్మకు."

వదిన ఫోను మీద చెయ్యి పెట్టి తన అన్న వైపు తిరిగింది. "ఈయన అసలు మనిషే అన్నా. కలల అచ్చేటోడు ఒక్కనాడు గూడ తిట్టలే."

ఇక మొదలుపెట్టింది. నాలుగు నెలల తిట్లు. మధ్యలో బిడ్డ వచ్చి ఫోను లాక్కుంది, మళ్లీ ఆమె లాక్కుంది. కాగితాలు లేనివాళ్లను క్షమించి పంపే రోజులు వస్తాయని, అప్పుడు నేరుగా వెళ్లి అధికారుల ముందు నిలబడాలని నేను చెప్పబోయాను. ఆమె చెయ్యి ఊపి ఆగమని, ఫోనుతో లోపలికి పోయింది.

బయట మేమిద్దరమే మిగిలాం.

"ఇగ పోత బావా," అన్నాడు ఆమె అన్న. "ఒక్కన్నే వచ్చిన, ఒక్కన్నే పోత."

"తిని పో."

"మా చెల్లె ఫోన్ వెడితె గద వండేది."

నేను మా ఇంటికి పోయి అన్నం, పచ్చిపులుసు తెచ్చాను. ఇద్దరం ఆ అరుగు మీదే తిన్నాం. లోపల పోట్లాట ఇంకా సాగుతూనే ఉంది.