మేడమ్ బతికించిన కంప్యూటర్లు

మా కంప్యూటర్ మేడమ్ పోయిన సోమవారం కుప్పంలో కన్నుమూశారు. జ్వరమని ఆస్పత్రిలో చేర్చారట, మళ్లీ ఇంటికి రాలేదు. వాళ్ల చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పుంగనూరులో ఒక ప్రైవేటు బడిలో ఆమె కంప్యూటర్ చెప్పేవారు, నేను తెలుగు చెప్తాను. కొత్త విండోస్ మా ల్యాబులోని పాత కంప్యూటర్లకు ఎక్కదని తేలాక, వాటిని పాతసామాన్లకు వేసేద్దామన్నారు కరస్పాండెంటు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేస్తే ఇవే ఇంకా కొన్నేళ్లు నడుస్తాయని మేడమ్ అడ్డుపడ్డారు. ఖర్చు లేని పని, ఆయన సరేనన్నారు. ఎండాకాలం సెలవులన్నీ ఆమె ఆ ల్యాబులోనే గడిపి, పెన్‌డ్రైవుతో ఒక్కోదానికీ ఎక్కించారు.

ప్రశ్నపత్రాలు టైపు చేసేదాన్ని కాబట్టి మొదట బెదిరింది నేనే. సీ డ్రైవు లేదు, డీ డ్రైవు లేదు. నా ఫైళ్లన్నీ పోయాయని గోల చేస్తే, ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"కొత్తింట్లోకి మారినామనుకోమ్మా. స్విచ్చి యాడుండాదో అని చెయ్యి కొన్నాళ్లు తడుముకుంటాది. అంతే."

ఫైళ్లన్నీ హోమ్ అనే ఫోల్డరులో చూపించారు. నెట్‌లో దించుకున్న సెటప్ ఫైలు తెరుచుకోలేదని విసుక్కుంటే, ఈడ ప్రోగ్రాములన్నీ ఒకే అంగట్లో దొరుకుతాయి, పేరు వెతికి ఇన్‌స్టాల్ నొక్కడమేనన్నారు. ఒకసారి ఆదేశాలు టైపు చేసే నల్లతెరలో పాస్‌వర్డ్ కొడితే చుక్కలు కూడా రాలేదు. కీబోర్డు చెడిపోయిందనుకున్నాను. కనపడకపోయినా అది తీసుకుంటాండాదని నవ్వారు. ఎన్ని తప్పులు చేసినా నా చేతిలోంచి మౌస్ మాత్రం ఎప్పుడూ తీసుకోలేదు.

నాకు అలవాటైంది. పిల్లలకైతే నాకంటే ముందే అలవాటైంది.

ఆ ఏడు తల్లిదండ్రుల మీటింగులో ఒకాయన లేచి, విండోస్ నేర్పకుండా ఇదేం చదువని నిలదీశాడు. కరస్పాండెంటు మేడమ్ వైపు చూడకుండా, ఇదంతా తనకు తెలియకుండా జరిగిందన్నారు.

"మీరు సరే అంటేనే కదా సార్ వేసినాను," అన్నారామె.

నేనూ లేచి ఆ మాటే చెప్పాను. నన్ను కూర్చోమన్నారు.

వచ్చే ఏడు రావద్దని పరీక్షలయ్యాక ఆమెకు చెప్పారు. కుప్పం వెళ్లిపోయి, ఒక జిరాక్స్ అంగట్లో జనాల అర్జీలు టైపు చేస్తూ బతికారు. ఫోన్ చేసినప్పుడు ఎవరినీ ఒక్క మాట అనలేదు. ల్యాబు ఎలా ఉందని అడిగారు. అన్నిటినీ పాతసామాన్ల లారీకి ఎక్కించారని చెప్పాను.

"నడిచేటివి కదమ్మా," అన్నారు.

నిన్న బడిలో సంతాపసభ పెట్టారు. ఈ బడిలో కంప్యూటర్ చదువుకు పునాది వేసిన మహాతల్లి అని కరస్పాండెంటు మైకులో చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టబోతే టీచర్లు ఆపారు. బల్ల మీద మేడమ్ ఫోటోకు బంతిపూల దండ వేశారు. ఆమె ఒక్కరే ఉన్న ఫోటో బడిలో లేదట, వార్షికోత్సవం గ్రూపు ఫోటోలోంచి కత్తిరించారు. ఆ ఫోటో అంచున, దండ పక్కన, నా ఆకుపచ్చ చీర భుజం సగం అలాగే ఉండిపోయింది.