ముక్కు మీదికొచ్చిన సన్మాన శాలువా

మొన్న ఇబ్రహీంపట్నంలో ఒక ఆడపిల్లల కాలేజీలో నా ఉపన్యాసం జరిగింది. నేను వెళ్లాను, వేదిక మీద కూర్చున్నాను. ఉపన్యాసం మాత్రం రజియా ఇచ్చింది. ఆ రోజుకు నా గొంతు నా దగ్గర లేదు. హిమాలయాల్లో వదిలేసి వచ్చాను.

రజియా మా వీధిలోనే ఉంటుంది, నాదర్‌గుల్ వైపు ఒక బడిలో లెక్కల టీచర్. రోజూ కంకర టిప్పర్ల వెనకాల స్కూటీ నడుపుతుంది కాబట్టి కళ్లు తప్ప ముఖమంతా చున్నీ చుట్టుకుంటుంది. ఆ చున్నీ మీద నాకు ఏళ్లుగా అభ్యంతరం. దుమ్ము పేరు చెప్పి ఆడవాళ్లు తమను తాము దాచుకోవడం నేర్చుకున్నారని వ్యాసం కూడా రాశాను. కాలేజీవాళ్లు అది చదివే నన్ను పిలిచారు.

"వ్యాసం మంచిగున్నదక్కా. కాని నీకు స్కూటీ రాదు గదా" అన్నది రజియా.

ఉపన్యాసానికి ముందు ఇద్దరం ఆడవాళ్ల బృందంతో ట్రెక్కింగ్‌కు వెళ్లాం. ఎత్తుకు పోయేకొద్దీ గాలి చల్లగా, పొడిగా మారింది. మా గైడ్ అందరికీ మెడకు తొడుక్కునే గుడ్డలు పంచాడు. "ఇది ముక్కు మీదికి లాక్కోండి. నోటితో కాదు, ముక్కుతోనే గాలి పీల్చండి. మీ ఊపిరిలోని వేడి, తడి గుడ్డలో నిలుస్తాయి, గొంతు ఎండదు" అని హిందీలో చెప్పాడు.

నా చెవికెక్కింది ఒక్కటే. ఒక మగవాడు ఆడవాళ్లందరినీ ముఖాలు కప్పుకోమంటున్నాడు.

"మరి మీరు?" అని అడిగాను. ఆయన అప్పటికే కళ్ల దాకా కప్పుకొని ఉన్నాడు. అయినా నేను వాదన ఆపలేదు. ఎక్కుతూ, ఆయాసపడుతూ, నోటితో గాలి మింగుతూ, పరదాల చరిత్ర మొత్తం రజియాకు చెప్పాను.

"జర కట్టుకో అక్కా. ఈడ నీ పత్రికోళ్లు ఎవ్వరు లేరు."

"ఎవ్వరు చూడనప్పుడే సిద్ధాంతం మీద నిలబడాలె."

"నిలబడు. దగ్గొస్తే మాత్రం నన్ను లేపకు."

సాయంత్రానికి దగ్గు మొదలైంది. పక్కటెముకలు పట్టేసే పొడి దగ్గు. కనుమ దాటే రోజుకు మాట బొంగురుపోయింది. కిందికి దిగేసరికి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. రజియా మాత్రం తన టిప్పర్ల చున్నీ చుట్టుకొని, ఫ్లాస్కులోని వేడినీళ్లు గుటకలేసుకుంటూ హాయిగా దిగింది.

ఊరికి రాగానే దవాఖానలో డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. "పైన ముక్కుకు, నోటికి ఏం కట్టుకోలేదా?"

"సిద్ధాంతం కట్టుకున్నది మేడం" అన్నది రజియా.

కొన్నాళ్లు మాట్లాడొద్దు, దుమ్ము తగలనీయొద్దు అన్నది డాక్టరమ్మ. ఉపన్యాసం చూస్తే ఎల్లుండే. రానంటే ఆ గంటను ప్రిన్సిపల్ ఆదర్శ గృహిణి గురించి మాట్లాడే ఒక పెద్దాయనకు ఇచ్చేస్తాడు. అది నా ప్రాణముండగా జరగకూడదు. నేను రాసింది చదివి పెట్టమని రజియాను బతిమాలాను, సైగలతో.

కాలేజీ గేటుకు ఫ్లెక్సీ. నవ్వుతున్న నా ఫొటో, కింద "ముసుగు తీద్దాం, గొంతు విప్పుదాం" అని. దుమ్ముకని చుట్టుకున్న చున్నీ గబగబా విప్పి రజియా స్కూటీ డిక్కీలో పడేశాను.

రజియా చదవడం మొదలుపెట్టింది. "ముఖానికి కట్టిన గుడ్డ మన ఊపిరిని మనకే అందకుండా చేస్తుంది" అన్న వాక్యం దగ్గర ఆగి నావైపు చూసింది. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి రోడ్డు దుమ్ము లోపలికొచ్చింది. ఇక నా దగ్గు ఆగలేదు. ప్రిన్సిపల్ కంగారుపడి, చివర్లో కప్పాల్సిన సన్మాన శాలువా ముందే తెచ్చి నా భుజాల మీద వేశాడు. నేను దాన్ని కళ్ల దాకా లాక్కున్నాను. మెల్లగా దగ్గు తగ్గింది.

వెనక వరుసలోంచి ఒక పిల్ల లేచింది. "మేడం, మీరు ఫ్లెక్సీల ఒక తీరున్నరు, స్టేజి మీద ఇంకో తీరున్నరు. మేం ఏది నేర్చుకోవాలె?"

జవాబు నా దగ్గర ఉంది. చెప్పడానికి గొంతే లేదు. రజియా కాగితాలు పక్కన పెట్టింది.

"ఎవ్వరన్న కట్టుకొమ్మన్నరని కట్టుకోకుండ్రి. దుమ్మొస్తే కట్టుకోండ్రి. గంతే."

నా పేజీలన్నిటికీ రాని చప్పట్లు ఆ ముక్కకు వచ్చాయి.

మా ఇంట్లో బీరువా నిండా శాలువాలున్నాయి, ఒక్కదాని మడత విప్పింది లేదు. ఆ రోజుది మాత్రం కళ్ల దాకా చుట్టుకొని, టిప్పర్ల వెనకాల, రజియా స్కూటీ మీద ఇంటికొచ్చాను. ఇన్నేళ్ల నా సాహిత్య సేవకు దక్కిన సన్మానాల్లో పనికొచ్చింది అదొక్కటే.