టెంపో వెనక మా అత్త

ఎండకు కాగిన టార్పాలిన్ పట్టకు ఒక వాసన ఉంటుంది. పూర్తిగా రబ్బరు వాసన కాదు, నూనె వాసనా కాదు, రెండూ కలిసి గొంతుకు అడ్డం పడే వాసన. మొన్న బండి వెనక పట్ట ఎత్తగానే అది ముఖాన కొట్టింది. వల్లూరు దగ్గర సోలార్ పలకలు కడిగే పనికి మా ఊరి ఆడవాళ్ళను నేను తీసుకుపోతుంటాను. వాళ్ళకు మేస్త్రీని. రోజూ వచ్చే కిటికీల వ్యాను ఆ రోజు మరమ్మతుకు పోయి, దాని బదులు సరుకులు తోలే బండి వచ్చింది. పైనా పక్కలా వెనకా పట్ట పరిచి తాళ్ళు బిగించేశాడు డ్రైవరు. “దుమ్ము పోకుండా బాగా కట్టినానక్కా. నువ్వు ముందరికొచ్చి కూచో” అన్నాడు, తానేదో గొప్ప పని చేసినట్టు.  మా అత్త ఓబుళమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది, కానీ ఆ వాసనకు ఆమె నా పక్కనే వచ్చి నిలబడినట్టయింది.

ఓబుళమ్మ మా ఆయన తల్లి. నాగలమడికకు దగ్గర్లోని పల్లె మాది. మామ పోతూ పోతూ ఆమెకు మెట్ట చేలూ, మూడు వేట కుక్కలూ వదిలిపోయాడు. చేలను కొడుక్కు అప్పగించింది గానీ కుక్కలను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఒకసారి కాదు అన్నదంటే ఇక ఆ మాట మారదు. ఊళ్ళో ఆమె ముందు “ఓబుళక్కా” అనేవాళ్ళు, వెనక “కుక్కల ఓబుళమ్మ” అని నవ్వుకునేవాళ్ళు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. “కోతుల ఓబుళమ్మ అనలేదు, అంతే చాలు” అనేది.

అవి వాన కోసం ఆకాశం కేసి చూసి చూసి మెడలు పట్టుకుపోయిన ఏళ్ళు. వేసిన వేరుశనగలో సగం మొలకలోనే మాడిపోయేది. ఏదో ఒక చేను నిలిచి కాయ పట్టిందంటే, గుట్టల్లోని అడవి పందులకు ఆ కబురు మనకంటే ముందే అందేది. మంద దిగితే తెల్లారేసరికి చేను దున్నేసినట్టు ఉండేది. డబ్బాలు కొట్టీ, మంటలు వేసీ విసిగిపోయిన రైతులు మా కుక్కల కోసం కబురు పెట్టేవాళ్ళు. జింకి, కరియ, ఎర్రోడు. మూడూ సన్న నడుము, పొడుగు కాళ్ళ జాతి. ముందు నడిచేది జింకి. అది వాసన పట్టి దారి తీస్తే మిగిలిన రెండూ వెంట పడి, మందను గుట్ట దాకా తరిమి వచ్చేవి. వెళ్ళిన చోట ఇంటావిడ కుక్కల కాళ్ళకు నీళ్ళు పోసి, నొసట బొట్టు పెట్టి, అత్తకు టెంకాయా రవికె గుడ్డా ఇచ్చేది. అదీ మర్యాద.

వేరుశనగ తోలడానికి మా ఆయన రామాంజి కొన్న టెంపోలోనే ఈ ప్రయాణాలు. కొత్తగా కాపురానికి వచ్చిన నేను మొదటిసారి బయల్దేరిన రోజు, తల దువ్వుకుని పూలు పెట్టుకుని మా ఆయన పక్కన సీట్లో కూర్చున్నాను. అత్త కొంగు నడుముకు దోపి వెనక కుక్కల దగ్గరికి ఎక్కింది. నాకు తల తీసేసినంత పనయింది. అంత చేను ఉన్న ఇంటి పెద్దావిడ కుక్కల మధ్య గోతం మీద కూర్చుంటే, కోడలు సీట్లో కూర్చుందని దారంతా చెప్పుకోరూ? దిగి వెనక్కి పోయి “అత్తా, నువ్వు ముందరికి పో” అన్నాను. “ముందర కూచుంటే ఎనక సంగతి ఏం తెలుస్తాది పాపా? నువ్వు గూడా ఎక్కు, కడవ పట్టుకుందువు” అంది. పూలతోనే ఎక్కాను. మా ఆయన అద్దంలో చూసి నవ్వుతున్నాడు. ఆ నవ్వుకు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది.

ఆ ఎక్కడం ఎక్కడం నా చదువు మొదలైంది. ఇనుప నేల మీద కుక్క గోళ్ళకు పట్టు దొరకదు, మలుపు మలుపుకూ జారి పడుతుంది. అందుకని కింద తడి ఇసుక, దాని మీద గోతాలు, ఆ పైన రాగి గడ్డి. ఒకసారి నేను మంచిపని చేస్తున్నాననుకుని మెత్తగా ఉంటుందని వేరుశనగ కట్టె, అంటే కాయలు కోసుకున్నాక మిగిలే ఎండు తీగ, పరిచాను. మా సీమలో దేనికైనా అదే కదా పరిచేది. అత్త మొత్తం కిందికి లాగేయించింది. “ఈ కట్టె దుమ్ము ముక్కులోకి పోతే ఇంగ పందిని యాడ పసిగడతాది? ఊరికే ఊరు చూసొచ్చేదానికి పోతాండామా?” అంది. బయల్దేరే ముందు కుక్కలకు తిండి పెట్టేది కాదు, కుదుపులకు కక్కుతాయని. చేరాక కాస్త చల్లారనిచ్చి అంబలి పోసేది. మెడకు తాడు కట్టనిచ్చేది కాదు. వెనక పట్ట ఒక్కటే తెరిస్తే బండి పొగంతా లోపలికి సుళ్ళు తిరుగుతుందని, ముందు వైపు పట్టకు ఆమే కత్తెరతో కిటికీ కోసింది. కొత్త పట్ట కోసినందుకు మా ఆయన గొడవ పడ్డాడు. ఆమె ఆ కిటికీకి తడిగుడ్డ వేలాడదీసి “ఇప్పుడొచ్చి కూచో, తెలుస్తాది” అంది. ఆయన కూర్చోలేదు గానీ గొడవ మానేశాడు.

ఇంత పట్టుదల ఎందుకని ఒకనాడు, దారిలో వేపచెట్టు కింద కుక్కలను దింపి తిప్పుతుంటే అడిగాను. మామ ఉన్న రోజుల్లో చుక్కి అని ఒక ఆడకుక్క ఉండేదట. అప్పుడు అందరిలాగే ఆమె కూడా ముందు సీట్లో కూర్చుని, వెనక అంతా బిగించి పోయిందట. “దిగి పట్ట తీసే పొద్దుకు అది చల్లగా పండుకోనుండాది. నిద్రపోతాండాది అనుకున్నా” అని, మాట ఆపి జింకి చెవిలో పేలు చూడ్డం మొదలుపెట్టింది. 

అందరికీ పంట పోయిన ఏడాది ఒకటి వచ్చింది. ఆ ఏడు అత్త తమ్ముడు చిన్నప్పకు మాత్రం నిడుగల్లు కోట గుట్ట కింద ఒక్క చేను నిలబడింది. ఆయన నాకు వరసకు చిన్నాయన. అక్కంటే ప్రాణం పెట్టే మనిషి. పందులు చేను అంచులో దిగాయని, రేపో మాపో మొత్తం పోతుందని ఆయనే వచ్చి మమ్మల్ని తీసుకుపోయాడు. రామాంజి పక్కన ఆయన, వెనక మేమిద్దరం, మూడు కుక్కలు. జింకికి అప్పటికే వయసు మీద పడుతోంది.

పావగడ దాటాక టెంపో ఇంజను కాగి ఆవిర్లు కక్కింది. నిలబడిన చోట ఒక్క చెట్టు లేదు. అదే సమయానికి గొర్రెల మంద రోడ్డు మీదికి వచ్చింది, కుక్కలు ఎగబడ్డాయి. చిన్నప్ప పరుగెత్తుకొచ్చి “అక్కా, పట్ట దించు, అవి దూకితే గొర్రెలోళ్ళు మనల్ని ఈన్నే పట్టుకుంటారు” అన్నాడు. అత్త ఒక్క క్షణం ఆలోచించి దించింది. మళ్ళీ వచ్చి “రేడియేటరుకు నీళ్ళు కావల్ల. కడవ ఇయ్యి. నిడుగల్లు ఇంగెంతో దూరం లేదు.” అన్నాడు. అది కుక్కల నీళ్ళ కడవ. ఆమె నా వైపు చూసింది.  “కానీ, తీస్కో” అంది. తన పద్ధతి ఆమె ఎవరి కోసమూ తప్పడం నేను చూడలేదు. ఆ రోజు తమ్ముడి కోసం తప్పింది, అదీ రెండుసార్లు.

మంద ఎంతకీ తరగలేదు. బండి కదిలి కొంత దూరం పోయేసరికి జింకి రొప్పడం మారిపోయింది. చిగుళ్ళు ఇటుక రంగుకు తిరిగాయి, కాళ్ళు నిలవక పక్కకు ఒరిగింది. అత్త ముందు కిటికీలోంచి చెయ్యి పెట్టి కొడుకు భుజం మీద ఒకటి చరిచింది. “ఒరే, ఆపు! ఆ వంకలోకి దించు!” వంక ఎండిపోయి ఉంది, గట్టున రెండు కానుగ చెట్లున్నాయి. ఆ నీడలో జింకిని పడుకోబెట్టి, ఇసుకలో చేతులతో చెలమ తవ్వాం. నీళ్ళు కన్నీళ్ళంత సన్నగా ఊరుతున్నాయి. నేను చిప్పతో తోడి ఇస్తుంటే ఆమె తన కొంగు తడిపి కుక్క కడుపు మీదా, తొడల సందునా, అరికాళ్ళకూ అద్దుతోంది.

చిన్నప్ప పొద్దు కేసి చూస్తూ అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఆగలేక “అక్కా, పొద్దు వాలకముందే చేను చేరల్ల. దాన్ని బండిలో ఏసుకొని పోదాం రా” అన్నాడు.

“ఇప్పుడు కదిపితే చస్తాది. అది లేచేదంకా నేను రాను.”

“కుక్క పోతే ఇంగో కుక్కొస్తాది. ఆ చేను పోతే నా పిల్లోళ్ళకు ఏం పెట్టల్ల?”

“అది నన్ను నమ్మి బండెక్కినాది రా చిన్నప్పా.”

“నేను గూడా నిన్ను నమ్మే వచ్చినాను గదక్కా.”

  అత్త మళ్ళీ కొంగు తడుపుతూ, తల ఎత్తకుండా “కరియనూ ఎర్రోన్నీ తీస్కపో” అంది. జింకి లేకుండా ఆ రెండూ దేనికీ పనికిరావని అందరికీ తెలుసు. అయినా చిన్నప్ప వాటినే తీసుకుని రామాంజితో పోయాడు. అక్క వైపు మళ్ళీ చూడలేదు. మేము ఆ ఇసుకలో కూర్చుని తడుపుతూనే ఉన్నాం. ఎప్పటికో జింకి తల ఎత్తి చిప్పలో నీళ్ళు నాకింది. అప్పుడు ఏడ్చింది మా అత్త, నోట్లో కొంగు కుక్కుకుని. కుక్క బతికినందుకో, తమ్ముడు పోయిన తీరుకో నేను అడగలేదు.

ఆ రాత్రే పందుల మంద చేనులోకి దిగింది. కరియా ఎర్రోడూ గట్టు మీద నిలబడి మొరిగాయట, అంతే. పంట చాలావరకు పోయింది. విత్తనానికని మేము దాచుకున్న కాయల్లో సగం అత్త తమ్ముడికి పంపింది. ఆయన బస్తాలు దింపుకున్నాడు గానీ, మా ఆయనతో తప్ప మా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని చావులు వచ్చిపోయినా అక్కాతమ్ముళ్ళు ఎదురుపడితే ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. జింకి మళ్ళీ వేటకు పోలేదు. గడప దగ్గర పడుకుని, ముసలిదై పోయింది. దాన్ని చూసి “నువ్వెంత ఖరీదైనదానివే” అని అత్త ఒకసారి అనడం విన్నాను. అందులో విసుగు లేదు, ప్రేమ అనీ చెప్పలేను.

కొన్నేళ్ళకు అత్తకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. తుమకూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. కూర్చోలేదు, పడుకోబెట్టే తీసుకుపోవాలి. మండు వేసవి. టెంపో నేనే సిద్ధం చేశాను, ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. తడి ఇసుక, గోతాలు, రాగి గడ్డి, పైన ఆమె బొంత. ముందు కిటికీకి తడిగుడ్డ. మూలన ఇసుకలో గుచ్చిన కడవ. ఆమె కళ్ళు తిప్పి అంతా చూసింది. “చెనిక్కాయ కట్టె ఎయ్యలేదు గదా?” అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

బయల్దేరే వేళకు చిన్నప్ప వచ్చాడు. ఎవరు కబురు చేశారో తెలియదు. ముసలివాడైపోయాడు. చెప్పులు విడిచి వెనక ఎక్కాడు. అత్త ఆయన్ను చాలాసేపు చూసి “చిన్నప్పా, ఈడ సెగ రా. ముందర సీటుండాది, పోయి కూచో” అంది. అన్నేళ్ళకు ఆమె తమ్ముడితో అన్న మొదటి మాట అది. ఆయన కడవలో గుడ్డ ముంచి పిండి, అక్క అరికాళ్ళకు అద్దడం మొదలుపెట్టాడు.

“గమ్మునుండక్కా” అన్నాడు. “ముందర కూచుంటే ఎనక సంగతి ఏం తెలుస్తాది?”

తుమకూరు దాకా ఆయన ఒక చేత్తో వెనక పట్ట ఎత్తి పట్టుకునే ఉన్నాడు. నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. దారిలో ఎక్కడెక్కడ నీడ ఉంటే అక్కడ ఆపించాడు. అత్త ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. కానీ ఆ ప్రయాణంలో ఆమె ముఖం తెరిపిగా ఉండటం నేను కళ్ళారా చూశాను. నాకు మిగిలింది అదే.

మొన్న డ్రైవరు చేత తాళ్ళన్నీ విప్పించాను. ముందు వైపు పట్ట కొయ్యమంటే, బండి నాది కాదు, ఓనరు తిడతాడని లబోదిబోమన్నాడు. సరే, కొయ్యవద్దు, పైకి చుట్టి కట్టమన్నాను. గోతాలు తడిపించాను. ఆడవాళ్ళంతా ఎక్కాక నేనూ కొంగు దోపుకుని వెనకే ఎక్కి, వాళ్ళ మధ్య కూర్చున్నాను. “అదేందక్కా, ముందర సీటు ఖాళీగా ఉండాది గదా!” అన్నాడు డ్రైవరు. పోనీయమన్నాను. ఒకప్పుడు మా వేరుశనగ చేలున్న దారి వెంట, ఇప్పుడు పలకలు మెరుస్తున్న దారి వెంట బండి సాగింది. వెనక గాలి ఆడుతోందా లేదా అని నేను ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.